సన్నబడిన చెట్లు

చెట్టు ఎంత పెరిగిందో లెక్కకట్టడం కష్టమైన పనేం కాదు. ఇప్పుడు కొలిచిన చుట్టుకొలతలోంచి ఐదేళ్ల కింద కొలిచినది తీసేయాలి. మిగిలినదాన్ని ఐదుతో భాగించాలి. ఏడాదికి ఇన్ని మిల్లీమీటర్లని తేలుతుంది. ఐదో తరగతి పిల్లలు కూడా చేయగలిగే ఈ లెక్కను నేను ఇరవై ఆరేళ్లు ఉద్యోగంగా చేశాను. మొదట్లో కాల్‌క్యులేటర్ మీద, తరవాత కంప్యూటర్ మీద.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడమ్, మీ అనుభవాలు ఏవైనా రాయండి" అంటుంటారు. వాళ్లు ఆశించేది పులి ఎదురైన కథో, వాగులో జీపు ఇరుక్కున్న కథో అని నాకు తెలుసు. నా దగ్గర అలాంటివి లేవు. రిటైర్మెంటు దగ్గరపడేదాకా నాకు అడవంటే తెలిసిందల్లా కార్తీక మాసంలో ఆఫీసు వాళ్లమంతా కలిసి వెళ్లే కీసరగుట్ట వనభోజనాలే. ఉన్నది ఒకటే కథ. అది చెప్పుకుంటే నాకు మంచిపేరేం రాదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నేను చేసిన పొరపాటు మీలో ఎవరైనా రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లి టీ తాగేలోపు చేసేయగలరు.

మా ఆఫీసు నాచారం పారిశ్రామికవాడలో వెనక వీధిలో ఉండేది. కింద అట్టపెట్టెల గోడౌను, పైన మేము. కిటికీ తెరిస్తే మందుల ఫ్యాక్టరీ వాసన. మా ఇల్లు ఉప్పల్లో. రోజూ షేర్ ఆటోలో చిల్కానగర్ మీదుగా వెళ్లి వచ్చేదాన్ని. అడవిలో కొన్నిచోట్ల హద్దులు గీసి, లోపలున్న ప్రతి చెట్టుకూ నంబరు వేసిన అల్యూమినియం బిళ్ల కొట్టి, ఐదేళ్లకోసారి వెళ్లి కొలిచి రావడం మా ఆఫీసు పని. ఆ హద్దు గీసిన జాగాను ప్లాటు అంటాం. ఉప్పల్లో ప్లాటంటే అందరికీ వేరే అర్థం కాబట్టి, మా చుట్టాలు చాలాకాలం నేను రియల్ ఎస్టేట్ ఆఫీసులో చేస్తున్నాననే అనుకున్నారు.

కొలతలు తెచ్చేవాళ్లలో ఒకాయన్ని ఆఫీసంతా టేపన్న అని పిలిచేది. అడవి అంచు పల్లెలో పుట్టినవాడు. నలభై ఐదేళ్లుంటాయి. పదహారేళ్లుగా కాంట్రాక్టు మీదే చేస్తున్నాడు. కూతురి చదువు కోసం భార్యాబిడ్డలను చిల్కానగర్‌లో ఒక అద్దె గదిలో పెట్టి, తాను నెలల తరబడి అడవిలో ఉండేవాడు. తిరిగొచ్చినప్పుడు కొలతల షీట్లను ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఆ కవరును చొక్కా లోపల పెట్టుకుని తెచ్చేవాడు. చెమటకు అతను తడిసినా కాగితం తడిసేది కాదు. కుర్చీ చూపిస్తే కూర్చునేవాడు కాదు. "జర మంచిగ సూడండి మేడం, ఏమన్న అర్థం గాకుంటే అడగండి" అని, నేను కవరు అందుకునేదాకా నిలబడేవాడు.

ఒకసారి నేనే అడిగాను, ఒక చెట్టుకు ఎంతసేపు పడుతుందని.

"టేపు సుట్టుడు ఎంతసేపు మేడం? నిమిషం గూడ పట్టదు. టేపు మెలిక పడొద్దు, కిందికి జారొద్దు, తీగ గిట్ల అడ్డమొస్తే తియ్యాలె, పోయినసారి ఎర్ర గీత ఏడ గొట్టినమో గాడనే సుట్టాలె. నేను మూడుసార్లు కొలుస్త. మూడూ ఒక్కటైతేనే రాస్త."

"మూడుసార్లు కొలవమని మేం చెప్పలేదు కదా?"

"చెప్పలే. గని నేను తప్పు రాస్తే మీరు ఈడ కూసొని ఎట్ల పట్టుకుంటరు?"

ఆ మాటకు నేను నవ్వాను. నేను పట్టుకోగలననే నా నమ్మకం.

మూడో లెక్కింపు జరిగిన ఏడాది రెండు ప్లాట్లు ఇద్దరికి అప్పగించారు. ఒకటి టేపన్నకు. రెండోది కొత్తగా చేరిన ఒక సూపర్‌వైజరుకు. అతను చదువుకున్నవాడు, చక్కగా మాట్లాడేవాడు. షీట్లు చేత్తో రాయకుండా లాప్‌టాప్‌లో టైపు చేసి, రంగులు కూడా వేసి పంపాడు. టేపన్న ఇంకా సగం పని చేయకముందే అతని ప్లాటు పూర్తయిపోయింది. మా ఆఫీసరు సారు ఆ షీట్లను అందరికీ చూపించి, "పని అంటే ఇలా ఉండాలి" అన్నారు.

టేపన్న షీట్లు ఎప్పటిలాగే పెన్సిలుతో, గుండ్రటి తెలుగు అక్షరాలతో వచ్చాయి. వాటిని నా పక్క సీటులో పనిచేసే అమ్మాయి కంప్యూటర్లోకి ఎక్కించింది. మల్కాజిగిరి నుంచి వచ్చేది, చురుకైన పిల్ల. రెండో రోజో మూడో రోజో నా వైపు తిరిగి అడిగింది.

"మేడమ్, ఈయన చివరి గళ్లో ఏవేవో రాశాడు. మన సాఫ్ట్‌వేర్‌లో రిమార్కులకు కాలమ్ లేదు. ఎక్కడ ఎక్కించను?"

"వదిలెయ్యమ్మా. మనకు అంకెలు చాలు" అన్నాను.

తల కూడా తిప్పకుండా అన్నాను.

తరవాత నా పని మొదలైంది. తీసివేత, భాగహారం. సూపర్‌వైజరు ప్లాటులో చెట్లన్నీ చక్కగా పెరిగాయి. చిన్నవీ పెద్దవీ, టేకూ తునికీ, అన్నీ ఐదేళ్లలో రెండు నుంచి మూడు సెంటీమీటర్ల మధ్య లావయ్యాయి. గ్రాఫు గీస్తే గీత సాఫీగా వచ్చింది. టేపన్న ప్లాటు తెరిస్తే తెర మీద సగానికి పైగా గళ్లు ఎర్రబడ్డాయి. అనుమానం ఉన్న అంకెను ఎర్రగా చూపించేలా ప్రోగ్రాము రాసింది నేనే. చాలా చెట్లు ఏమీ పెరగలేదు. మరికొన్ని సన్నబడ్డాయి. అరవై నాలుగు సెంటీమీటర్లున్న నల్లమద్ది ఐదేళ్ల తరవాత అరవై ఒకటయింది. మరొకటి నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. కొన్ని చెట్ల ఎదురుగా కొలత బదులు అడ్డగీత ఉంది.

నా బుర్రకు ఒకటే తోచింది. ఈ మనిషి అడవికి పోలేదు. పాత షీటు ముందేసుకుని, అటో అంకె ఇటో అంకె మార్చి రాసేశాడు. వయసైపోతోంది, ఎండలో తిరగలేక ఏ చెట్టు నీడనో కూర్చుని ముగించేశాడు. ఆ ఆలోచన వచ్చాక మళ్లీ ఇంకో ఆలోచన రాలేదు. ఎర్ర గళ్లన్నీ ప్రింటు తీసి, పైన "కొలతలు విశ్వసనీయంగా లేవు" అని రాసి, ఆఫీసరు బల్ల మీద పెట్టాను. ఆ సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తూ, ఒక దొంగలెక్కను పట్టుకున్నానని కాస్త గర్వపడ్డాను కూడా. ఇది రాయకుండా దాటేయవచ్చు. కానీ ఆ గర్వమే అసలు రోగం కాబట్టి రాస్తున్నాను.

టేపన్నను పిలిపించారు. ఆఫీసరు గదిలో మేం ముగ్గురమే. నేను ప్రింటు అతని ముందు పెట్టాను.

"చెట్లు సన్నబడ్డాయని రాశావు. చెట్లు సన్నబడతాయా?" అన్నారు సారు.

"బడ్తయ్ సార్."

సారు నా వైపు చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

"రెండేండ్లు ఒకదానెంక ఒకటి మంట వచ్చింది సార్ ఆ దిక్కు. నల్లమద్ది తోలు..."

"కథలొద్దు. పక్క ప్లాటులో అన్నీ పెరిగాయి. నీ చెట్లకేం వచ్చింది?"

"పక్క ప్లాటు నాకు తెల్వదు సార్. నేను కొల్సిన కాడ గంతే ఉంది. పెరగనిది పెరిగిందని ఎట్ల రాయాలె?"

"పాత షీటు చూసి రాసేశావు కదా? నిజం చెప్పు, ఏం చేయను."

టేపన్న ప్రింటు మీద ఎర్ర గళ్లను చూస్తూ నిలబడ్డాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు.

"కూసొని రాసేటోన్నయితే మంచిగనే రాస్తుంటి గద సార్. గిట్లెందుకు రాస్త?"

మీరు ఈ వాక్యం దగ్గర ఆగండి. నేను ఆగలేదు. దొంగలెక్క రాసేవాడు అనుమానం రాకుండా రాస్తాడు. చూడగానే అనుమానం వచ్చే లెక్క ఎందుకు రాస్తాడు? ఇంత చిన్న సంగతి, లెక్కలు చదువుకున్న నాకు, అతను విడమరిచి చెప్పినా ఎక్కలేదు. ఐదేళ్లలో ఒక్క చెట్టయినా చావని అడవి ఉండదన్న సంగతీ ఎక్కలేదు. సూపర్‌వైజరు ప్లాటులో ఒక్కటీ చావలేదు.

సారు "సరే, వెళ్లు" అన్నారు. టేపన్న వెళ్లాడు. నేను టిఫిన్ బాక్సు కడుక్కోవడానికి బయటికి వస్తే మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"మేడం, నా కాయితాలు సూసిన్రా మీరు?"

"చూశాను."

"అన్నీ?"

"అన్నీ చూశాను."

నేను చూసింది ప్రింటు. అతని కాగితాలు, అమ్మాయి ఎక్కించి కట్టేసినవి, నేను విప్పకుండానే బీరువాలో ఉన్నాయి. అబద్ధమాడాలని ఆడలేదు. త్వరగా వెళ్లిపోవాలని అలా అన్నాను. అతను నా మొహం చూశాడు. "మీరే సూసినంక ఇగ ఏముంది మేడం" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ నెలాఖరుకు అతని కాంట్రాక్టు ముగిసింది. మళ్లీ ఇవ్వలేదు. మా రిపోర్టులో అతని ప్లాటును పక్కన పెట్టి, సూపర్‌వైజరు ప్లాటు అంకెలతోనే ఆ ప్రాంతపు అడవి ఆరోగ్యంగా పెరుగుతోందని రాశాం. మంచి కాగితం మీద ముద్రించారు. లోపల చిన్న అక్షరాల్లో నా పేరు కూడా ఉంది.

ఏడాదిన్నర గడిచాక బయటినుంచి కొందరు పరిశోధకులు వచ్చారు. బాగా పెరుగుతున్న ప్లాటు చూపించమన్నారు. సూపర్‌వైజరు అప్పటికే పై ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఇంకెవరూ ఖాళీగా లేక సారు నన్ను పంపారు. రెండు నెలల్లో మోకాళ్ల ఆపరేషన్ పెట్టుకుని, అలా మొదటిసారి అడవికి వెళ్లాను. మాతో ఆ అడవి బీటులో కాపలా చేసే వాచరు వచ్చాడు. ఆ ఊరివాడే, మాటకారి.

ప్లాటు హద్దురాయి దాటి నాలుగడుగులు వేయగానే నా చేతిలోని జాబితా ప్రకారం ఒక టేకు ఉండాలి. ఐదేళ్లలో రెండు పాయింట్ ఆరు సెంటీమీటర్లు పెరిగిన టేకు. అక్కడ మొద్దు ఉంది. ఈమధ్య కొట్టింది కాదు. పైభాగం నల్లగా మారి, పగుళ్లలో చెదపుట్ట లేచింది. పక్కనే మట్టిలో అల్యూమినియం బిళ్ల పడి ఉంది. తుడిచి చూస్తే అదే నంబరు.

"ఇది ఎప్పుడు కొట్టారు?" అని అడిగాను వాచరును.

"శానేండ్లయింది మేడం. మీరు లెక్కకు రాకముందే. గీ మూలకున్న టేకంత అప్పుడే పాయె."

"లెక్కకు వచ్చినవాళ్లు చూడలేదా?"

"ఆ సార్లు జీబు దిగి ఫొటోలు దీసుకున్రు. లోపల్కి వోలే. ముండ్లున్నయని."

తరవాత గంటసేపు నేను ఒక్కో నంబరూ చదువుతూ తిరిగాను. మొద్దు. మొద్దు. ఎండి నిలబడ్డ తునికి. మళ్లీ మొద్దు. బతికి ఉన్నవీ ఉన్నాయి, కాని నా గ్రాఫులో అంత సాఫీగా పెరిగిన అడవి అక్కడ లేదు. లేని చెట్లు నా కంప్యూటర్లో ఏడాదికి ఐదు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ పోయాయి. నేను వాటికి సగటు కూడా కట్టాను. వచ్చిన పరిశోధకులు మర్యాదస్తులు. వాళ్లలో ఒకామె నీళ్ల సీసా ఇచ్చి, "కాసేపు కూర్చోండి" అంది.

నేను కూర్చోలేదు. "రెండో ప్లాటుకు తీసుకెళ్లు" అని వాచరును అడిగాను.

అది అక్కడికి గంట దూరం. వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. నేల బూడిద రంగులో ఉంది. నల్లమద్దులు ఒకవైపు నల్లగా కాలి, పెంకుల్లా బెరడు ఊడి, లోపలి చెక్క కనబడుతూ నిలబడ్డాయి. చేత్తో ముట్టుకుంటే అరచేయంత బెరడు ముక్క ఊడి నా కాళ్ల దగ్గర పడింది. మందంగా ఉంది. అది చేతిలో పెట్టుకుని చూస్తుంటే, సన్నబడడమంటే ఏమిటో అప్పుడర్థమైంది. చెట్టు చుట్టూ అంత మందం బెరడు రాలిపోతే టేపు ఏం చూపిస్తుంది?

సంచిలోంచి టేపు తీశాను. ఎర్ర గీత మీద చుట్టాను. నాకు సరిగ్గా చుట్టడం రాలేదు. వెనకవైపు టేపు జారిపోయింది. మళ్లీ చుట్టాను. మూడోసారికి కుదిరింది. నా దగ్గరున్న రెండు ప్లాట్ల జాబితాలో టేపన్న కొలత అరవై ఒకటి. నాకు అరవై ఒకటి కన్నా రెండు మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. పక్క చెట్టు. ఆ పక్కది. పదిహేనో పదహారో కొలిచాను. అతని అంకెకూ నా అంకెకూ తేడా ఎక్కడా గోరంత మించలేదు. అడ్డగీత పెట్టిన చోటల్లా చచ్చిన చెట్టు ఉంది.

వాచరు నా వెనకే వస్తూ తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "గా అన్న ఉండె సూడు మేడం, టేపన్న, ఒక్క చెట్టు కాడ మూడుమాట్లు కొల్సెటోడు. ఎందుకే అన్న, ఎవడు సూస్తడు అంటే, పట్నంల మా మేడం సూస్తది, ఆమెకు తప్పు దొరకొద్దు అనెటోడు. ఇప్పుడు వస్తలేడేంది?"

నేను టేపు చుట్టి సంచిలో పెట్టాను.

తిరిగొచ్చిన మర్నాడు బీరువా తెరిచి కట్ట విప్పాను. చివరి గడిలో ప్రతి చెట్టు ఎదురుగా నాలుగైదు మాటలున్నాయి. "మంటకు తోలు ఊడింది." "కొస ఎండింది, కింద పచ్చిగుంది." "సచ్చింది, నిలబడి ఉంది." "పోయినసారి గీత కాలిపోయింది, బిళ్ల నుంచి జానెడు కింద కొల్చిన." ఒకచోట మాత్రం, "మేడం, ఇది నమ్మబుద్ధి కాదు, నాలుగుసార్లు కొల్చిన" అని ఉంది. అది నాలుగు సెంటీమీటర్లు తగ్గిన చెట్టు. నేను అడగబోయే ప్రశ్నలన్నింటికీ ముందే జవాబులు రాసి పంపాడు. ఆ జవాబులు ఏడాదిన్నర నా కుర్చీకి రెండు గజాల దూరంలో ఉన్నాయి.

పక్క సీటు అమ్మాయి వచ్చి నా భుజం మీదుగా చదివింది. తన సీటులోకి వెళ్లి కూర్చుంది. ఆమె అడిగింది నాకు గుర్తుంది, నేను చెప్పింది ఆమెకూ గుర్తుంది.

అన్ని వివరాలతో నోటు రాసి ఆఫీసరుకు ఇచ్చాను. ఆయన చదివి కళ్లద్దాలు తీశారు.

"మేడమ్, రిపోర్టు అచ్చయింది. పైవాళ్లకు వెళ్లింది. ఇప్పుడు మొద్దులకు మనం సగటు కట్టామని రాస్తే ఎవరి పరువు పోతుంది?"

"కనీసం అతన్ని వెనక్కి తీసుకోండి సార్. తప్పు అతనిది కాదు."

"మనం అతన్ని తీసేయలేదు. కాంట్రాక్టు పొడిగించలేదంతే. రద్దు చేయడానికి ఆర్డరే లేదు. నాలుగో లెక్కింపులో అంకెలు వాటంతటవే సర్దుకుంటాయి లెండి."

ఆయన చెడ్డమనిషి కాదు. నా మోకాళ్ల ఆపరేషన్‌కు ఇంటికొచ్చి పండ్లు ఇచ్చి వెళ్లిన మనిషి. నోటు మీద "చూశాను" అని సంతకం పెట్టి ఫైల్లో పెట్టించారు. నాలుగో లెక్కింపు నా రిటైర్మెంటు తరవాత ఎప్పుడో.

ఇక్కడిదాకా నాది పొరపాటని ఎవరైనా దయతో అనవచ్చు. ఆ తరవాత చేసినదానికి ఆ దయ వర్తించదు. నిజం తెలిశాక నేను ఎనిమిది నెలలు టేపన్నకు చెప్పలేదు. ఫోన్ నంబరు, అడ్రసు ప్రతి షీటు అడుగునా ఉన్నాయి. రోజూ నా ఆటో అతను ఉండే బస్తీ మీదుగానే వెళ్తుంది. ఆర్డరు ఏదైనా వచ్చాక చెబుదాం, ఉత్త చేతులతో వెళ్లి ఏమని చెప్పను అనుకున్నాను. ఆపరేషనయింది, నడవడం కష్టం అనుకున్నాను. మోకాళ్లు బాగయ్యాక కొత్త సాకు వెతుక్కున్నాను. అసలు కారణం అతని మొహం చూడాలంటే భయం.

రిటైరైన వారానికి వెళ్లాను. చిల్కానగర్‌లో ఆటో దిగి, షీటు చూసి రాసుకున్న అడ్రసు పట్టుకుని అడుగుతూ వెళ్తే, రేకుల వరండా ఉన్న ఇంట్లో వెనక గది చూపించారు. ఒకామె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"ఎవలు గావాలమ్మా?"

చెప్పాను. చేట పక్కన పెట్టి లేచింది.

"ఆయన లేడమ్మా. నాలుగు నెలలాయె."

అడవి పని పోయాక నాచారం ఫ్యాక్టరీల్లో షెడ్లు బాగుచేసే కూలిపనికి కుదిరాడట. వానలకు ముందు ఒక షెడ్డు పైకెక్కితే పాత సిమెంటు రేకు విరిగింది. గాంధీ దవాఖానాకు తీసుకెళ్లేదాకా కూడా ఉండలేదట. ఆమె ఇదంతా చాలామందికి చెప్పి చెప్పి అలసిపోయిన గొంతుతో చెప్పింది. నేను మనసులో నెలలు లెక్కపెట్టుకున్నాను. అతను రేకు మీద కాలు పెట్టిన రోజుకు నాకు నిజం తెలిసి నాలుగు నెలలు.

"మీరెవలో చెప్పకపోతిరి?"

ఆఫీసు పేరు చెప్పాను. కంప్యూటర్ పని అన్నాను. ఆమె నన్ను తేరిపార చూసింది.

"మేడం మీరేనా?"

తలూపాను. ఆమె తిట్టలేదు. లోపలికి రమ్మంది. కూతురు మంచం మీద పుస్తకాలు పక్కకు జరిపి నాకు చోటిచ్చింది. ఇంటర్ రెండో ఏడాదట. గోడకు దండ వేసిన ఫొటోలో టేపన్న చొక్కా గుండీలన్నీ పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

వచ్చిన పని చెప్పాను. మొద్దుల సంగతి, బెరడు సంగతి, నేను కొలిచిన సంగతి. ఆయన కొలతలన్నీ సరైనవేనని చెప్పాను. తల్లి విని, మూలనున్న నీళ్ల డ్రమ్ము వైపు చూసింది.

"మేడం కాయితాలన్నీ సూసిందట, సూసి గూడ తప్పే అన్నదట. ఇంటికొచ్చి గదే అన్నడు. ఆమె సదువుకున్నది, ఊకె అనదు, నాకే చెయ్యి తప్పుతున్నట్టుంది అన్నడు. ఇగో, గా నీళ్ల డ్రమ్ముకు టేపు సుట్టుడు, రాసుడు. మల్ల సుట్టుడు. బయటి కరెంటు పోలుకు సుట్టుడు. పొద్దున ఒకపారి, మాపటికి ఒకపారి. ఒక్కటే వస్తుంది గదనే అంటే, మరి తప్పు ఏడ వోయిందే అని నన్నే అడుగుతుండె. పిచ్చి లేసిందని నవ్వెటోళ్లు బస్తీల."

నేను ఆమె ఎదుట అప్పుడు ఏం మాట్లాడానో గుర్తులేదు. క్షమించమని అడిగి ఉంటాను.

"ఆయిన తప్పు జెయ్యలేదని యాడన్న రాసి ఉన్నదా?" అని అడిగింది.

ఫైల్లో నోటు ఉంది. దాన్ని ఎవరూ చూడరు. "లేదు" అన్నాను.

"అయితే రాసియ్యండి. మా ఊర్ల గూడ తెల్సింది, కొల్వకుంటనే రాసిండని. పిల్ల సూపెట్టుకుంటది."

కూతురు నోటుబుక్కులోంచి కాగితం చింపి, పెన్ను ఇచ్చింది. ఇరవై ఆరేళ్ల ఆఫీసు అలవాటు చేతిలో ఉంది. చకచకా రాశాను. ఫలానా ప్లాటు మూడో లెక్కింపు కొలతల పరిశీలనలో పొరపాటు జరిగినదనీ, సదరు కొలతలు సరైనవిగా తరవాత నిర్ధారించబడినవనీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.

"సదువు బిడ్డా" అంది తల్లి.

కూతురు పైకి చదివింది. తల్లి మధ్యలో ఆపింది.

"జరిగినదంటే? ఎవలు జేసిన్రు?"

కూతురు కాగితం మొత్తం మళ్లీ చూసింది. "గది రాయలే అమ్మా."

ఇద్దరూ నా వైపు చూశారు. కోపంతో కాదు. ఒక గడి ఖాళీగా ఉంటే అది నింపమని చూసినట్టు చూశారు. నేను ఇంకో కాగితం అడిగాను. ఈసారి రాయడానికి చాలాసేపు పట్టింది. రాస్తుంటే బయట ఎవరో నీళ్లు పట్టుకుంటున్నారు, బిందె నిండి పొర్లుతున్న చప్పుడు వినపడుతోంది. రాసి ఇచ్చాను. కూతురు నిలబడి చదివింది.

"మా నాయిన రాసిన కాయితాలు నేను చూడలేదు" అని చదవబోయి ఆగి, సరిచేసుకుంది. "ఈయన రాసిన కాగితాలు నేను చూడలేదు. చూశానని ఆయనకు అబద్ధం చెప్పాను. నా అబద్ధం వల్ల ఆయన పని పోయింది. తరవాత నేను స్వయంగా అడవికి వెళ్లి కొలిచాను. ఆయన ప్రతి చెట్టునూ కొలిచాడు. ఆయన కొలతలు సరైనవి. తప్పు చేసింది నేను."

కింద నా పేరు, నా సంతకం, నా ఇంటి అడ్రసు.

తల్లి వింటూ గోడకు ఆనుకుని కూర్చుంది. కూతురు కాగితం మడతపెట్టబోయింది.

"మల్లొక్కపారి సదువు" అంది తల్లి.